చేనంతా ఒక్కరోజే పండిందా?

చీరాల,
గురువారం.

నాన్నకు,

కోటి నమస్కరించి రాసేది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ దగ్గు తగ్గిందా? మిరప మూడో కోతకు మనుషులు దొరికారా?

బోర్డులు రాసే దుకాణంలో పని బాగుంది. ఉప్పుగాలికి చొక్కా ఎప్పుడూ ఒంటికి అంటుకునే ఉంటుంది. చేపల పులుసు అలవాటైంది గాని, ఇంటి గోంగూర గుర్తొస్తే కంచం ముందు కాసేపు ఊరికే కూర్చుంటాను. ఈ ముక్క అమ్మకు చెప్పకు. బాగానే ఉన్నాను.

అసలు సంగతి. మేం ఐదుగురం కలిసి నేతపనివాళ్ల హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టాం. అన్నీ ప్రకృతి మీదే. నలుగురివి పెయింటింగులు. పెళ్లి వీడియోలు తీసే ప్రసాదు మాత్రం వాడరేవు అలల్ని వీడియో తీసి టీవీలో వేశాడు. అలవాటైన చెయ్యి కదా, పొద్దుపొడుపు దగ్గర గుండె ఆకారం విచ్చుకుని అందులోంచి సూర్యుడొస్తాడు! నాకు ఒళ్లు మండింది. "సముద్రానికి ఎవరితోరా పెళ్లి?" అని అరిచాను. జనమేమో అదే మళ్లీ మళ్లీ వేయించుకుంటున్నారు.

నా బొమ్మ మిరప వేసిన మన మెరక చేను. సగం గోడంత ఉంటుంది. నేను చదివిన విప్లవ కరపత్రాల ఆవేశమంతా పోసి, చేనంతా నిప్పంటుకున్నట్టు ఎర్రగా వేశాను. మొదటిరోజే నాగమ్మ అనే ఆమె వచ్చింది. వేటపాలెం జీడిపప్పు బట్టీలో పని, ఏటా మన వైపు మిరపకోతలకూ వస్తుందట. నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఏమయ్యో, చేనంతా ఒక్కరోజే పండిందా?" అంది.

"అది భావమండీ," అన్నాను.

"పూత లేదు, పచ్చికాయ లేదు. ఇట్టాంటి చేను ఎక్కడుందో చెప్పయ్యా, ఒక్క కోతతో ఇంటికి పోతాం. ఇది వేసినోడు చేలో వంగినోడు కాదు."

హాలంతా నవ్వింది. నేను ఊరుకున్నానా? కళ మీద ఉపన్యాసం దంచాను. ఆమె ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది బానే ఉంది. బొమ్మే బాలేదు," అని వెళ్లిపోయింది.

నాన్నా, నేను ఊరు వదిలిన రోజు నువ్వూ ఇదే అన్నావు. "చేను చూడనోడివి, బొమ్మలేం వేస్తావురా?" అన్నావు. ఆ మాటకే బస్సెక్కాను. ప్రజల దగ్గర నేర్చుకోవాలని నీకు చదివి వినిపించి విసిగించినవాణ్ణి, ఆ ప్రజలే ఎదురుగా నిలబడి చెబితే వాదనకు దిగాను. సిగ్గేసింది.

మర్నాడు నిచ్చెన వేసుకుని దూరపు సాళ్లలో పచ్చికాయలు, దోరకాయలు వేశాను. ముందు వరసలో పెద్దగా కనపడే మొక్క ఒక్కటి కుదరలేదు. పండుకాయ కిందనా, పైనా? పూత ఏ కణుపు దగ్గర? చిన్నప్పటినుంచీ ఆ సాళ్లలో తిరిగాను, చెప్పలేకపోయాను. అక్కడ తెల్లగా వదిలేశాను. చూసినవాళ్లంతా అదేమిటని అడుగుతున్నారు.

పై ఆదివారం ఆఖరి రోజు. నువ్వు రా నాన్నా. పూత, పచ్చికాయ, పండుకాయ మూడూ ఉన్న మొక్క ఒకటి వేళ్లతో తీసి, తడిగుడ్డ చుట్టి తీసుకురా. నువ్వు పక్కన నిలబడితే చూసి వేస్తాను. తప్పు వేస్తే అందరి ముందే తిట్టు, బస్సెక్కను.

తాతయ్యకు, బాబాయికి నా నమస్కారాలు. చెల్లికి రంగుపెన్సిళ్లు కొని ఉంచాను. నీ చెయ్యి నా తలమీద ఉండాలని కోరుకునే

నీ కొడుకు
కోటి

మరో మాట: నాగమ్మగారు ఆదివారం మళ్లీ వస్తానని కబురు పెట్టారు. బొమ్మ కింద నా పేరు ఇంకా రాయలేదు.