పెదవి ఎంత లేస్తుందో

హోసూరు,
ఆదివారం.

ప్రేమగల అమ్మకు,

ఫోనులో అయితే నేను సగం చెప్పకముందే నువ్వు ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను. ఆడబిడ్డ పెళ్ళి ఫొటోల్లో నేను బాగుండాలట, ఊడిన పన్ను చోట కొత్తది పెట్టించుకున్నాకే రాయకోటలో ఇంటికి రమ్మన్నాడు మా ఆయన. నిన్న చెల్లెలు మంజు నన్ను పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

ముందుపన్ను కదా, ఎముకలో మర దించి పన్ను బిగించేముందు నవ్వితే చిగురు ఎంత బయటికి కనపడుతుందో చూడాలట. "నల్లా సిరిమ్మా" అంది, బాగా నవ్వమని. అరవంలో సిరి అంటే నవ్వు, మనకేమో కలిమి. రెండూ లేనిదాన్ని పట్టుకుని అడిగింది పాపం. పెళ్ళిచూపులనాడు చిగుళ్ళు కనపడకుండా నవ్వమని నేర్పావే, అట్లాగే పెదవి బిగించి నవ్వాను. పెదవి పైకి లేవడం లేదు, భయం లేదని రాసుకుంది.

పన్ను ఎట్లా పోయిందని అడిగితే, కెలవరపల్లి డ్యాము మెట్ల మీద జారిపడ్డానని నీకు చెప్పిందే చెప్పాను.

"ఆడ మళ్ళా దెబ్బ తగిలే పని ఏమన్నా ఉందామ్మా?" అంది.

అమ్మా, నాకు నవ్వు వచ్చేసింది. చిగుళ్ళన్నీ బయటపడేట్టు నవ్వి, నవ్వి, చివరికి ఏడ్చాను. ఆమె రాసింది కొట్టేసింది. పెదవి బాగా లేస్తోందట, చిగుళ్ళు పలచనట, దెబ్బకు ఎముక కూడా పోయిందట. పెట్టినా పక్కపన్నుతో కలవకపోవచ్చు అంది.

నేను జారిపడలేదమ్మా. ఎదురు చెప్పానని ఆయన చెంబుతో కొట్టాడు. కొత్త పన్ను పెట్టుకుని మళ్ళీ ఆయన ముందుకు పోవాలంటే భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?

నీ కూతురు,
భువన

బేరిగై,
గురువారం.

నా బంగారు భువనకు,

నీ ఉత్తరం చేతిలో ఉండగానే అల్లుడు వచ్చాడు. పన్ను పెట్టేది ఎప్పుడని అడిగాడు. కాఫీ ఇచ్చి, డాక్టరమ్మ మాటే నేనూ అడిగాను.

"ఆడ మళ్ళా దెబ్బ తగలదని చెప్తావా అప్పా?"

"అది నోరు మూసుకోని ఉంటే ఎందుకు తగుల్తుంది అత్తా?" అన్నాడు. కాఫీ తాగుతూనే అన్నాడు.

నోరు మూసుకొమ్మని నీకు ముందు నేర్పింది నేనే. లోటా లాక్కుని పంపించేశాను.

నువ్వు రాయకోటకు పోవద్దు. పన్ను సంగతి తీరిగ్గా చూద్దాం, లేకున్నా పరవాలేదు. శనివారం నేనే వచ్చి నిన్ను బేరిగైకి తీసుకొస్తాను. బస్సులో ఎవరైనా పన్ను ఎట్లా పోయిందని అడిగితే నిజమే చెప్పు. నేను పక్కనే ఉంటాను.

మీ అమ్మ,
పుట్టమ్మ