రిపోర్టు వచ్చాక ఏం మారుతుంది

సూర్యాపేట,
19 జూలై 2012.

బావకు నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమం. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఈ ఉదయం నా టీ గ్లాసు అంచు మీదికి ఒక చీమ ఎక్కింది. చుట్టూ తిరిగి, ఎక్కిన చోటే దిగిపోయింది. టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మనసు అలా ఉంది. మన పెళ్ళయ్యాక మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఫోన్లో నాకు మాటలు రావు. చిన్నప్పుడు సెలవులకు మీ ఇంటికి వచ్చి, ఓ మూల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని కదా, ఇప్పటికీ అంతే.

మా రామనర్సయ్య సార్ గురించి మీకు చెప్పాను. మా కొత్త డాక్టర్లకు రక్తం జబ్బులు చూడడం నేర్పేది ఆయనే. అక్కరలేని పరీక్ష ఒక్కటి కూడా చేయించకూడదన్నది ఆయన పట్టుదల. చీటీ మీద పరీక్ష రాసే ముందు, రిపోర్టు వచ్చాక మనం చేసేది ఏం మారుతుందో ఆయనకు పైకి చెప్పాలి, చీటీలో కూడా రాయాలి. “రిపోర్టు వచ్చినంక గూడ గవే గోలీలు రాస్తవా? మరి ఆ ముసలాయనతోటి బర్రెనెందుకు అమ్మిస్తవ్?” అంటారు. జవాబు లేకపోతే చీటీలో ఆ పరీక్షను కొట్టేస్తారు. సార్ రౌండ్స్‌కు వస్తుంటే నా తోటి డాక్టరు శ్రీను పెన్ను జేబులో దాచుకుంటాడు.

పోయిన వారం తుంగతుర్తి దగ్గరి తండా నుంచి అఖిల అనే అమ్మాయి వచ్చింది. నాలుగో నెల. ఐరన్ గోలీలు మానకుండా మింగినా రక్తం పెరగలేదు. రక్తకణాలు మరీ చిన్నవిగా ఉన్నాయి. తలసీమియా లక్షణం పుట్టుకతో ఉందేమోనని నా అనుమానం. అలాంటివాళ్ళు మామూలుగానే బతుకుతారు. భర్తకు కూడా ఉంటేనే భయం, మేనరికాల్లో అది ఇంకా ఎక్కువ. బిడ్డకు పెద్ద జబ్బు వచ్చి, బతికినన్నాళ్ళూ రక్తం ఎక్కించవలసి రావచ్చు. ఐదో నెల దాటకముందే తెలిస్తే కడుపులోని బిడ్డను కూడా పరీక్షించి, ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు. తర్వాత వీలుండదు. నిర్ధారించే పరీక్ష హైదరాబాద్‌లోనే అవుతుంది. వాళ్ళకు అది పెద్ద ఖర్చు.

సార్ ప్రశ్ననే వాళ్ళను అడిగాను, రిపోర్టు చెడ్డగా వస్తే ఏం చేస్తారని. అఖిల అత్త మోతీబాయి చెప్పింది. “ఏం జేస్తం బిడ్డా, ఎట్ల పుడితే అట్ల సాదుకుంటం. తీసేసుడు మా ఇంట్ల లేదు. ఉత్తగ పైసలెందుకు పెట్టిస్తవ్?” అఖిల కొంగు ముఖం మీదికి లాక్కుని తల వంచుకుంది. ఏమీ మారదని సార్‌కు చెప్పాను. ఆయన పరీక్ష కొట్టేశారు. నాకూ తేలికగా అనిపించింది.

తర్వాత బరువు చూడడానికి అఖిలను లోపలికి తీసుకువెళ్ళాను. మోతీబాయి బయటే కూర్చుంది. అఖిల మిషన్ ఎక్కి కొంగు తీసింది.

“నువ్వు మా అత్తనడిగినవ్ మేడం. ఆమె జవాబు ఆమె చెప్పింది. నన్నెవరడిగిన్రు?” అంది.

వాళ్ళ ఇళ్ళలో కోడలు అత్త ముందు నోరు విప్పదు. ఆ తండాల నుంచి వచ్చేవాళ్ళను రోజూ చూస్తూనే ఉన్నాను, అయినా తల వంచుకుంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. నేనూ తల వంచుకునే మనిషినే.

మరి నువ్వేం చేస్తావని అడిగాను. “తెలిసినంక ఏం జేస్తనో తెల్వకముందే ఎట్ల చెప్త? నాకైతే తెల్వాలె” అంది.

సార్‌కు చెప్పాను. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. “ముందు ఆమె పెనిమిటి రక్తం సూడు. గది గీడనే అయితది. ఆయన కణాలు మంచిగుంటే ఇగ హైదరాబాదెందుకు?” అన్నారు.

భర్త చరణ్ వాడపల్లిలో సిమెంటు బస్తాలు ఎత్తుతాడు. నిన్న వచ్చాడు. చెవుల్లో ఇంకా దుమ్ము ఉంది. “జర సూసి తియ్యన్నా, రక్తం బదులు సిమెంటు నీళ్ళొస్తయ్” అని ల్యాబ్ అతనితో అంటే అందరం నవ్వాం. కాసేపటికి రిపోర్టు వచ్చింది. అతని కణాలూ చిన్నవే. “బస్తాలు మంచిగనే ఎత్తుతున్న గదా మేడం, నాకేం రోగం?” అన్నాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. మోతీబాయి మాత్రం, “మంచిగున్న నా కొడుకును గూడ పేషెంట్‌ను జేసినవ్” అని, ఇక నా వైపు చూడలేదు.

ఈ మధ్యాహ్నం ఇద్దరి రక్తమూ హైదరాబాద్‌కు పంపాం. ఏం మారుతుందో రాయవలసిన చోట నాకు ఏమీ తోచలేదు. చీటీ అలాగే సార్ ముందు పెట్టాను. ఖాళీ చూసి కూడా సంతకం చేశారు. ఇంతకుముందు ఎవరికీ అలా చేయలేదు.

సోమవారం రిపోర్టు వస్తుంది. ఇద్దరికీ ఉందని తేలితే ఆ ఇంట్లో అఖిల వైపు ఎవరుంటారు? నేను లోపలికి తీసుకువెళ్ళకపోతే పురిటిదాకా నిశ్చింతగా ఉండేదేమో. తెలియనంత మాత్రాన లేకుండా పోతుందా, అని మళ్ళీ నేనే అనుకుంటాను. సార్ పద్ధతి తప్పని అనలేను. దానివల్ల ఎన్నో ఇళ్ళు అప్పు తప్పించుకున్నాయి. అఖిల మాట కూడా తప్పని అనలేను. రెండూ సరే అయితే నేను ఎక్కడ నిలబడాలి బావా?

మామయ్యకు, అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

మీ
స్రవంతి

తా.క. ఆదివారం మిర్యాలగూడ గృహప్రవేశానికి వెళ్ళకండి. కోదాడ నుంచి మొదటి బస్సుకే ఇక్కడికి రండి. ఈ సాయంత్రం నేనూ రక్తం ఇచ్చాను, రిపోర్టు ఇంకా తెచ్చుకోలేదు. నా కణాలు మంచిగా ఉంటే మీ రక్తం అక్కరలేదు. అయినా రండి. నాకు మూడో నెల.