కవరులో కెమెరా లేదు

హనుమకొండ,
సోమవారం.

మా ఇంటి సెన్సార్ బోర్డు అఫ్సానాకు,

సలాం. కవరు మీద నా కోడిగీతలు చూసి భయపడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో చెబుదామనే చూశాను. "అఫ్సానా, ఒక ముచ్చట చెప్పాలె" అనగానే నువ్వు "చాలు తీయుండ్రి, మీ ఆటలు నా దగ్గర నడవయ్" అని నవ్వి పెట్టేస్తున్నావు. నిన్ను ఇంట్లో, బజార్లో, ఆఖరికి దవాఖానలో కూడా ఆటపట్టించాను. కాగితం మీద మాత్రం ఎప్పుడూ పట్టించలేదు. ఎనిమిదిలో బడి మానేసినవాడికి నిజం రాయడమే కష్టం. అబద్ధం కూడా రాయాలంటే చెయ్యి పడిపోతుంది. కాబట్టి జర నమ్ము.

నేను చానల్ ఉద్యోగం మానేశాను. మీ అమ్మ కాలు విరిగి నువ్వు వర్ధన్నపేట పోయిన వారానికే మానేశాను. అప్పటినుంచి "హైదరాబాద్‌ల షూటింగ్" అని నీకు చెప్పిందంతా ఉత్తదే. షూటింగ్ నిజమే, కానీ అది నా సొంతం.

ఎందుకు మానేశావని అడుగుతావు. పెళ్లిళ్లలో వీడియో లైటు మోసిన దగ్గర్నుంచి నా కథంతా నీకు తెలుసు. లైటు నుంచి కెమెరాకు, కెమెరా నుంచి లోకల్ కేబుల్‌కు వచ్చాను. అక్కడ "జర ఆగుర్రి" అని దొంగ కెమెరా ప్రోగ్రాం పెట్టి వరంగల్ మొత్తాన్ని బకరా చేశాను. దాంతోనే హైదరాబాద్ పిలిచి రియాలిటీ షోలకు ప్రొడ్యూసర్ని చేశారు. ఆ వారం వంటల పోటీలో ఓడిపోయిన ఒకామె నవ్వుకుంటూ గిన్నెలు సర్దుకుంటోంది. మా పైన ఉండే సుభాషిణి మేడం నా చెవిలో "ఆజం గారూ, చనిపోయిన వాళ్ల నాన్న గురించి అడగండి, ఏడుస్తుంది" అన్నది. నవ్వుతూ పోయే మనిషిని ఏడిపించడానికి నాకు జీతమా! మైకు టేబుల్ మీద పెట్టి కిందికి దిగి వచ్చేశాను. జనాన్ని బకరా చేయడం నాకు సరదానే. కానీ ఆటయ్యాక ఇద్దరం కలిసి చాయ్ తాగాలి. అది లేకపోతే ఇంకేం ఆట?

ఇక సినిమా సంగతి. మన ఆటో పౌలు ప్రతి జాతరకూ మేడారంలో తప్పిపోయినవాళ్ల మైకు దగ్గర కూర్చుంటాడు కదా. చర్చిలో పాటలు పాడే ఆ గొంతుతోనే జాతరంతా పిలుస్తాడు. అతని మీద ఒక డాక్యుమెంటరీ తీద్దామనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చూపించడమే, ఇంకేమీ లేదు. తియ్యనిచ్చారా! నేను కెమెరా తీయగానే జనం నన్ను చూడటం మానేసి చెట్ల మీద, డబ్బాల వెనక ఇంకో కెమెరా కోసం వెతుకుతారు. "అన్నా, ఈసారి ఎవరు బకరా?" అని చేతులూపుతారు. పౌలైతే లెన్సు తన వైపు తిరగ్గానే సినిమా హీరోలాగా గొంతు లావు చేస్తాడు. "మామూలుగ మాట్లాడు పౌలన్నా" అంటే, "గిదే మామూలు" అంటాడు. తల గోడకేసి కొట్టుకుందామంటే అక్కడున్నవన్నీ తడికలు!

అట్లాంటి చోట కొమురమ్మ దొరికింది. ముసలావిడ, కొడుకుతో వచ్చి గుంపులో విడిపోయింది. చేతి మీద కొడుకు ఫోన్ నంబరు పెన్నుతో రాసి ఉంది. చెవులు సరిగా వినపడవు, ఏది అడిగినా రెండుసార్లు చెప్పాలి. పౌలు ముందు పిలవాల్సిన పేర్లు చాలా ఉన్నాయని నేనే ఫోన్ చేశాను. అవతలి మాట కూడా రికార్డు కావాలని స్పీకర్ పెట్టాను.

"హలో, పోశయ్యనా? మీ అవ్వ మా దగ్గర ఉన్నది, మైకు కాడికి రా."

అవతల ఒకటే నవ్వు. "ఏ, ఆజమన్నా! నీ గొంతు నేను గుర్తుపట్టనా? నన్ను బకరా చేస్తానవా?"

"అరే, కసమ్ తమ్మీ, నిజం!"

"నిజమైతే ఇంకా మంచిది. గా ముసల్దాన్ని నువ్వే సాదుకో. నాకు పీడ పోతది!"

పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్. కొమురమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఏం చెప్పను? "బండ్లు ఆగినయట అవ్వా, నడుసుకుంట వస్తాండు" అన్నాను. "ఆఁ?" అంది. మళ్లీ గట్టిగా అరిచాను. "మంచిది బిడ్డా" అని ఒళ్లోంచి బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టింది.

తర్వాత పౌలు మైకు అందుకున్నాడు. "వర్ధన్నపేట పోశయ్యా! మీ అవ్వ కొమురమ్మ మా కాడ కుర్చీల కూసున్నది. చెప్తున్నది పౌలు. ఆజం గాదు, పౌలు!" కాసేపటికి పోశయ్య ఒక్క చెప్పుతో ఉరుక్కుంటూ వచ్చి తల్లిని పట్టుకున్నాడు. అంతా కెమెరాలో ఉంది. నా సినిమాకు పాణం అదే.

మొన్న నేను అద్దెకు తీసుకున్న ఎడిటింగ్ రూంకు, చానల్ పని మీద వచ్చిన సుభాషిణి మేడం ఆ ముక్క చూసేసింది. ఆ ఫోన్ మాటకు నవ్వుల చప్పుడు కలిపి "జర ఆగుర్రి" కొత్త సీజన్‌కు ప్రోమో చేద్దామంటోంది. కొడుకు ఉరికొచ్చింది తీసేస్తుందట, అది ఉంటే నవ్వు పోతుందట! ఇస్తే నా కుర్చీ నాకు మళ్లీ ఇస్తుందట. ఆదివారం లోపల చెప్పమంది. చెప్పు అఫ్సానా, ఏం చెయ్యను?

నీ
ఆజం
(నిజంగానే)

వర్ధన్నపేట,
బుధవారం.

సుమేరా అబ్బాకు,

సలాం. ఉత్తరం అందింది. మన పాప సుమేరా నిద్రపోయాక చదివి అమ్మీకి వినిపించాను. మంచం మీద నుంచే కవరు లాక్కుని తలకిందులు చేసి దులిపింది. ఎందుకమ్మీ అంటే, "కెమెరా యాడనో పెట్టి ఉంటడు. నన్ను నవ్వవెట్టి టీవీల వేస్తడు మీ ఆయన" అన్నది. ఆ తర్వాత దుప్పటి కూడా సర్దుకుంది, టీవీలో బాగా కనపడాలని.

కథ బాగుంది. ఉద్యోగం మానేశానన్న దగ్గర నా గుండె ఒకసారి ఆగింది. కానీ ముసలమ్మ బెల్లం పెట్టిందన్నారు చూడండి, అక్కడ దొరికిపోయారు. అంత సరిగ్గా అన్నీ జరిగితే అది మీరు కట్టిన కథే. ఈసారి కాగితం మీద కూడా మొదలుపెట్టారన్నమాట. సెన్సార్ బోర్డు పాస్ చేసింది. వచ్చేటప్పుడు అమ్మీకి నొప్పుల తైలం తెండి.

అఫ్సానా

హనుమకొండ,
శుక్రవారం.

నా పెళ్లానికి,

ఈసారి సెన్సార్ బోర్డుకు కాదు, నీకే రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి నవ్వాలో, ఆ తైలం సీసా నా నెత్తిన పోసుకోవాలో తెలియలేదు. పోశయ్య నమ్మలేదంటే నేను టీవీ మనిషినని సర్దుకున్నాను. నువ్వు కూడానా? నేను రేపు చచ్చిపోతే మీరంతా మంచం కింద కెమెరా వెతికేటట్టున్నారు!

నిన్న పోశయ్యకు ఫోన్ చేశాను, వేరే నంబరు నుంచి. ముందు నా గొంతు విని పెట్టేయబోయాడు. ప్రోమో సంగతి చెప్పేసరికి ఏడుపు గొంతుతో అన్నాడు: "అన్నా, పరాచకానికన్న. నువ్వు ఆట ఆడుతానవు, నేను గూడ ఆడుదామనుకున్న. మా అవ్వకు వినపడలేదు గద? అది టీవీల వస్తె మా అవ్వ చూస్తదన్నా. నేనిగ ఆమెకు మొఖం ఎట్ల చూపిచ్చుకోవాలె?"

వినపడలేదు, ఫికర్ చెయ్యకన్నాను. అప్పుడే నాకు దెబ్బ తగిలింది. చానల్‌కు ఇవ్వకపోయినా, నా సినిమాలో పెట్టినా ఆమె చూడదా? "బండ్లు ఆగినయ్" అని నేను ఆమెకు చెప్పిన అబద్ధం, నా సినిమానే బయటపెడుతుంది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తానని బయలుదేరినవాణ్ని, ఉన్నది చూపిస్తే ఒక తల్లి కడుపు కాలుతుంది. పోనీ పౌలు పిలిచిన దగ్గర్నుంచి పెడదామంటే, పోశయ్య అంత వెర్రిగా ఎందుకు ఉరికొచ్చాడో చూసేవాళ్లకు అర్థం కాదు. ఫోన్ ఉంటేనే ఆ పరుగుకు పాణం. రాత్రంతా కూర్చుని చివరికి మొత్తం తీసేశాను. మిగిలింది చూస్తే ఏముంది? పౌలు లావు గొంతు, చేతులూపే జనం, దుమ్ము. దాన్ని సినిమా అంటే పౌలే నవ్వుతాడు.

ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజం తీద్దామనుకుంటే ఇట్లయింది. ఆదివారం సుభాషిణి మేడంకు ఫోన్ చేస్తాను. ముక్క మాత్రం ఇవ్వను, అది డిలీట్ అయిపోయిందంటాను. ఉద్యోగం మళ్లీ ఇమ్మని అడుక్కుంటాను. వంటల పోటీలో ఎవరి నాన్న పోయాడో కనుక్కుని పెట్టుకుంటాను. ఇక డాక్యుమెంటరీ మాట ఎత్తితే నా పేరు మార్చు.

తైలం కొన్నాను.

ఆజం

వర్ధన్నపేట,
శనివారం.

సుమేరా అబ్బాకు,

ఈ ఉత్తరం మా తమ్ముడు సోహెల్ చేతికిచ్చి బండి మీద పంపుతున్నాను. ఆదివారం పొద్దున మీరు ఫోన్ ముట్టుకోకముందే మీ చేతిలో ఉండాలి.

మీ రెండో ఉత్తరంలో ఒక్క జోకు కూడా సరిగ్గా పేలలేదు. అప్పుడు నమ్మాను. మీరు నవ్వించలేకపోయారంటే నిజంగానే బాధలో ఉన్నట్టు. ముందు నమ్మనందుకు తిట్టుకున్నాను. సోహెల్ బండి ఎక్కి ఈ ఊళ్లోనే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పోశయ్య మిర్చి కల్లం దగ్గరున్నాడు. కొమురమ్మ వాకిట్లో చింతపండు కొడుతోంది. నేనెవరో చెప్పాను.

"గా కెమెరా పిల్లగాడు నీ పెనిమిటా?" అని పక్కన పీట వేసింది. "మంచోడు. గని అబద్ధమాడ శాతగాదు."

నేను మెల్లగా మొదలుపెట్టాను. చెవులు వినపడవన్నారు కదా అని ప్రతి మాటా రెండుసార్లు, గట్టిగా అన్నాను. ఆమె చింతగింజ నా మీదికి విసిరి, "ఎందుకొర్లుతానవ్ బిడ్డా? నాకేమన్న చెవుడా?" అన్నది.

"మరి జాతరలో?"

"ఆడ నెత్తి మీదనే మైకాయె. ఎవలకు వినపడతది? ఫోనైతే నా ముంగటనే పెట్టిండు. అంత విన్న."

బాధ కాలేదా అవ్వా అని అడిగాను.

"కాకపోతదా? గని వాడు పరాచకమాడిండు. వాళ్ల నాయిన గూడ గంతే, నోటికి తాళం లేదు. ఇగ నీ పెనిమిటి మొఖం చూస్తె, నాకంటె ముందు ఆయననే ఏడ్చేటట్టుండె. 'బండ్లు ఆగినయ్ అవ్వా' అంటాండు. పాపమని నమ్మినట్టు చేసిన. మొదటిసారి తిప్పలవడి చెప్పిండని రెండోసారి గూడ చెప్పిచ్చిన. నేను నమ్మిన్ననుకోని ఆయన పాణం జర నిమ్మలమైంది. బెల్లం పెట్టిన."

విన్నారా? వరంగల్ మొత్తాన్ని బకరా చేసిన మనిషిని ఆమె బెల్లం పెట్టి మరీ బకరా చేసింది!

ఇంతలో పోశయ్య వచ్చాడు. నన్ను చూసి, నేనెవరో తెలిసి, తెల్లబోయాడు. తల్లి వైపు తిరిగి "వినపడ్డదా అవ్వా?" అన్నాడు.

"వినపడ్డది. నన్ను సాదుకోమని ఆయనకు అప్పజెప్పినవ్ గద. ఇగో, ఆయన పెండ్లాం తోలుకపోను వచ్చింది. నా చీరెలు సదురు."

వాడు ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తున్నాడు, ఆమె చింతపండు చేతులతోనే వాడి తల నిమురుతోంది. మీరు లేరే అనిపించింది. కెమెరా లేకుంటేనే మంచిదైందని కూడా అనిపించింది.

నేను బయలుదేరుతుంటే కొమురమ్మ ఆపి చెప్పింది. "గా సిన్మల ఫోనుల అన్న మాట పెట్టుమను. వాడు ఒక్క చెప్పుతోని ఉరికచ్చుడు గూడ పెట్టుమను. మాట ఒక్కటే పెడితె నా కొడుకును దొంగను చేసినట్టు. ఉరుకుడు ఒక్కటే పెడితె అబద్ధం. రెండు ఉంటెనే వాడు నా పోశిగాడు." పోశయ్యను అడిగాను. కళ్లు తుడుచుకుని, "అవ్వ చెప్పినంక ఇంకేందక్కా, పెట్టుమను" అన్నాడు.

కాబట్టి తీసేసిందంతా మళ్లీ పెట్టండి. అబద్ధమాడిన మీ మొహంతో సహా. సుభాషిణి మేడంకు మాత్రం ఫోన్ చేయకండి. వద్దని మీరు ఫోన్లో చెబితే ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వుతుంది. కాగితం మీద రాయండి.

కొమురమ్మ ఇచ్చిన బెల్లం ముక్క ఇందులో పెట్టాను. కెమెరా లేదు, దులపకండి.

మీ సెన్సార్ బోర్డు
అఫ్సానా