అమ్మ కణాలు వెళ్లిన దారి

హైదరాబాద్

మనీషక్కా,

‘ప్రియమైన’ అని రాయడానికి చేయి రావడం లేదు. నా నంబరు బ్లాక్ చేశావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అమ్మ దినాల నాడు కోరుట్ల ఇంటి వాకిట్లో, చుట్టాలందరి ముందు, “గిది కన్నతల్లి ముక్కను సీసాల పెట్టుకొని పరీక్షలు చేసుకుంటున్నది. దీని చేతి నీళ్లు అమ్మకు ముట్టయి” అన్నావు. ఇంద్రమ్మ చిన్నమ్మ నా ముందున్న విస్తరి లాగేసింది. అన్నం తినకుండానే బస్సెక్కాను.

అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆపరేషన్‌లో తీసే గడ్డలోంచి కొంచెం మా ల్యాబుకు ఇవ్వవచ్చా అని డాక్టరు అమ్మనే అడిగాడు. అమ్మ సరేనంది. ఆపరేషనయ్యాక ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోజు మా ల్యాబుకు వచ్చి చూసింది కూడా. అరచేతిలో ఇమిడే పారదర్శకమైన పలక, దానిలో వెంట్రుక కంటే సన్నని కాలువలు. క్యాన్సర్ కణాలు ఒళ్లంతా ఎలా పాకుతాయో మేము ఆ కాలువల్లో చూస్తాం. అమ్మ మైక్రోస్కోపులోకి వంగేసరికి, తన కణమొకటి తనకన్నా ఇరుకైన సందులోకి సాగి సాగి దూరుతోంది.

“గింత సందులకెళ్లి గట్లెట్ల పోతున్నదే బిడ్డా?”

“గదే తెల్వాలమ్మా. తెలిస్తే ఆపొచ్చు.”

“అయితే సూడు. మంచిగ సూడు.”

ఆ కణాలు వారం కూడా బతకలేదు. నువ్వు ఊరేగించిన సీసా ఎక్కడా లేదు. సంవత్సరీకానికి నన్ను పిలవకు. నాకు అక్క లేదనుకుంటాను.

సింధూజ

కోరుట్ల

సింధూజా,

అమ్మ నాకన్నీ చెప్పింది. నీ కాలువల సంగతి వాడలో అందరికీ చెప్పుకొని మురిసింది. తెలియక అన్న మాట కాదది.

ఆ కణాల ముందు పూటలకు పూటలు కూర్చున్నావు. నొప్పి లేచినప్పుడు అమ్మ పక్కన ఎన్నిసార్లు కూర్చున్నావు? ఆమె పక్కబట్టలు నేను ఉతుకుతుంటే, “చిన్నది అచ్చిందా?” అని వాకిలి వైపే చూసేది. ఆ చివరి రోజుల్లో ఒక్కసారీ నా పేరు పిలవలేదు. నిన్ను అందరి ముందూ ఏడిపించాలనుకున్నాను. ఏడిపించాను. తప్పయిందని రాయను.

పోయిన వారం నా రొమ్ములో గడ్డ తగిలింది. జగిత్యాల డాక్టరమ్మ ముక్క తీసి పరీక్ష చేయాలంది. మస్కట్‌లో ఉన్న మీ బావకు ఇంకా చెప్పలేదు. సోమవారం పొద్దున్నే వెళ్లాలి. ఆ ముక్కలో నీకు గోరంత కూడా ఇవ్వను.

కోరుట్ల బస్టాండుకు రా. దారిలో నాతో మాట్లాడకు. పక్కన కూర్చో.

మనీషా