నేల ఉసిరి లేని ఆరోగ్యవనం

నాయనమ్మా,

స్వర్గంలో నీ విశ్రాంతికి భంగం కలిగిస్తూ, గౌరవనీయులైన కాలనీ పెద్దలను నాలుగు తిట్టబోతున్నందుకు యావత్ హనుమకొండ తరఫున శిరసు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ పొద్దున మన కాలనీ పార్కులో ‘ఆరోగ్యవనం’ అని రిబ్బన్ కత్తిరించారు. అందులోవన్నీ మన డాబా మీది నీ కుండీలే. కత్తెర పట్టింది కాలనీ అధ్యక్షుడు. “ముసలమ్మా, నీ చెట్లతోని దోమలైతానయ్, పారెయ్యి” అని నీ మీద అరిచిన మహానుభావుడే. దగ్గు పట్టినప్పుడు నీ అడ్డసరం కషాయం రెండు గ్లాసులు తాగిందీ ఆయనే.

ఒక కుండీకి ‘నేల ఉసిరి’ అని బోర్డుంది. లోపల మట్టి తప్ప ఏమీ లేదు. ఇదేంది సార్ అని అడిగాను.

“గడ్డి మొలిచిందిరా, పీకిపిచ్చిన. రేపు ఉసిరి చెట్టు పెడ్తం. దాని కాయలు నేల మీద రాలితే గదే నేల ఉసిరి.”

“సార్, మీరు పీకిపిచ్చిందే నేల ఉసిరి.”

“గంత చిన్నదా? ఉసిరంటే చెట్టు గాదుర?”

ఆ గడ్డి విత్తనం కోసం నువ్వు రఘునాథపల్లి పొలం గట్లన్నీ తిరిగావు. ఈ మూర్ఖశిఖామణికి శాలువా కప్పారు. దానితోనే ఆయన నోరు కట్టేయాలనిపించింది.

కట్టలేదులే. నేను చేసింది ఒక్కటే. నువ్వు పోయిన నెలకే, రోజూ నీళ్లు పోయడానికి బద్ధకమై, “ఈ కుండీలన్నీ తీస్కపోండి సార్” అని ఆయన్ని పిలిచి ఇచ్చింది నేనే.