టీవీలో నాలుగో పేరు

మార్చి 9, సోమవారం పగలు

వదినగారికి నమస్కారాలు.

మీ మోకాళ్ల నొప్పి నెమ్మదించిందని తలుస్తాను. ఇక్కడ నేనూ చిట్టీ ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకోకండి. మీ ఫోన్ మీ తమ్ముడు తీసి చూస్తుంటాడని మీరే చెప్పారు కదా. అందుకే మీరు పనిచేసే ఆసుపత్రి చిరునామాకు రాస్తున్నాను. చదివాక చింపెయ్యండి.

మీరు మమ్మల్ని బస్సెక్కించి ఎనిమిది నెలలైంది. నా చేతి ఎముక అతుక్కుంది. బట్టలు కుట్టే దుకాణంలో జిప్పులు మార్చే పని బాగానే సాగుతోంది. చిట్టికి తొమ్మిదేళ్లు నిండాయి, గౌన్లన్నీ పొట్టివైపోయాయి. ఇన్నాళ్లూ ఇంట్లో టీవీ లేదు. కింద ఉండే ఇంటావిడ మొన్న కొత్తది కొనుక్కుని, పాతది మాకిచ్చేసింది. డిష్ పెట్టించుకుంటావా, లేకపోతే నెట్‌లో చూసుకుంటారా, నా వైఫై వాడుకోండి అంది.

డిష్ వద్దన్నాను. ఎందుకో మీకు నేను చెప్పాలా? మీ తమ్ముడు పదిహేనేళ్లుగా చేస్తున్నది ఆ పనే. డిష్‌లు బిగించేవాళ్లంతా ఒకరికొకరు ఎరుకే. ఒకడు మా మేడెక్కితే నాలుగు రోజుల్లో ఆ కబురు అతని చెవిన పడదూ? గొడుగంత డిష్‌ని చూసి అంత బెదిరిపోతావేంటమ్మా అని ఇంటావిడ నవ్వింది. నేనూ నవ్వాను. నెట్ చాలన్నాను. దాన్ని టీవీలో ఎలా పెట్టాలో నాకు తెలీదు. చిట్టే నాకు తెలుసులే అని రిమోట్ లాక్కుని ఏవో నొక్కింది, బొమ్మలొచ్చాయి. ఎలా వచ్చాయని అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

గురువారం సాయంత్రం పని నుంచి వచ్చేసరికి చిట్టి కాళ్లు కడుక్కుంటోంది. టీవీ వెలుగుతోంది. చూసేది ఎవరని అడిగే పేజీ అది. వరసగా గుండ్రటి బొమ్మ ముఖాలు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. మొదటిది మీ తమ్ముడిది. రెండోది నాది. మూడోది చిట్టిది. వదినా, అది మా పాత ఇంటి అకౌంటు! నాలుగోది నేనెన్నడూ చూడనిది. దాని కింద పేరుండాల్సిన చోట 'ఎక్కడున్నావ్' అని ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ప్లగ్గు పీకేశాను. తలుపు గడియ పెట్టి, బట్టల బీరువాని ఈడ్చి అడ్డం పెట్టాను. అంత బరువుని ఒక్కదాన్నే ఎలా జరిపానో ఇప్పటికీ తెలీదు. చిట్టిని రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాను. నాన్న పాస్‌వర్డ్ నాకు గుర్తుందమ్మా, అదే కొట్టాను అంది. ఆ తర్వాత ఎంత అడిగినా నేల చూపులే.

మర్నాడు దాన్ని బడికి పంపలేదు, నేనూ పనికి పోలేదు. దాని చెయ్యి వదలకుండా టీవీలు బాగుచేసే అతని దగ్గరికెళ్లి, ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాను. ఆ అకౌంటు ఎవరిదో వాళ్లు తెరిచి చూస్తే ఏ టీవీలో వాడారో, ఏ ఊరి దగ్గరో తెలిసిపోతుందమ్మా, ఇల్లు మాత్రం తెలీదు అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు పాపం. ఊరు తెలిశాక ఇల్లు పట్టుకోవడం మీ తమ్ముడికి ఎంతసేపు? ఇంటికొచ్చి ఆ అకౌంటుని మా టీవీలోంచి తీసేశాను. బాణం వదిలేశాక విల్లు దాచినట్టు.

శనివారం పదకొండింటికి మేడ మీద బూట్ల చప్పుడు. మగవాడి అడుగులు. ఏదో ఇనుప వస్తువు ఈడుస్తున్న మోత. చిట్టిని స్నానాలగదిలోకి నెట్టి, నోరెత్తొద్దన్నాను. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర చేతిలోకి తీసుకున్నాను. కిటికీలోంచి నిచ్చెన కనిపిస్తోంది. మొదట కాళ్లు దిగాయి. తర్వాత భుజానికి చుట్టుకున్న నల్ల కేబుల్. అచ్చం మీ తమ్ముడు వేసుకునేట్టే. ఆ నాలుగు మెట్లూ దిగేలోపు నేను నాలుగుసార్లు చచ్చాను.

ముఖం కనిపించింది. నెరిసిన మీసాలు, ఎవరో ముసలాయన. గాలికి తిరిగిపోయిన ఇంటావిడ డిష్ సరిచేయడానికి వచ్చాడట. మంచినీళ్లడిగాడు. నా చేతిలో కత్తెర చూసి ఒకడుగు వెనక్కేసి, తొందరేం లేదులేమ్మా, పని చూసుకో అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. నీళ్లిచ్చి ఒక్కటే అడిగాను, ఏ ఇంట్లో ఏం చూస్తున్నారో డిష్ ఎవరికైనా చెబుతుందా అని. ఆయన గట్టిగా నవ్వాడు. దానికి చెవులే గానీ నోరు లేదమ్మా, పైనుంచి వచ్చింది వింటుంది, అంతే అన్నాడు. ఏ డిష్‌కి జడిసి నెట్ తీసుకున్నానో, దాన్నే ఆ పూట మా గదిలోకీ లాగించాను. అంతా ఇంటావిడ పేరు మీదే. మా పేర్లెక్కడా లేవు.

అయినా కంటి మీద కునుకు లేదు. మీ తమ్ముడు ఊరికెళ్తానన్నాడా? బ్యాగు సర్దుతున్నాడా? ఏ మాత్రం తేడా కనిపించినా ఆసుపత్రి ఫోన్ నుంచి మా దుకాణం నంబరుకి చేసి, జాకెట్టు సిద్ధమైందా అని అడగండి చాలు. ఆ పూటే ఇల్లు ఖాళీ చేస్తాను.

మీ చేతుల్లో ప్రాణం పెట్టుకున్న
మీ మరదలు

తా.క.: కవరు అంటించబోతుంటే చిట్టి వచ్చి పక్కన కూర్చుంది. ఉత్తరం నాన్నకా అని అడిగింది. కాదు, మేనత్తకి అన్నాను. ఏడుపు మొదలెట్టింది. ఆ నాలుగో పేరు మీ తమ్ముడు పెట్టలేదు వదినా. చిట్టే పెట్టింది. బుధవారం బడి నుంచొచ్చి, రిమోట్‌తో ఒక్కో అక్షరమే నొక్కి, నాన్న చూసి జవాబు రాస్తాడని పెట్టిందట. గురువారం వచ్చిందేమోనని చూసుకుందట, రాలేదట. ఎందుకు చేశావే, ఆయన వస్తే మనకేమవుతుందో తెలుసా అన్నాను. నా అతికిన చెయ్యి నిమురుతూ, నాన్న కొట్టింది నిన్ను కదమ్మా, నన్ను కాదు కదా అంది.

దానికి నేనేం చెప్పాలి వదినా?