కజకిస్తాన్ తరఫున మంజమ్మ

7 జనవరి 2026, బుధవారం

కవితాళ నుంచి లింగసుగూరు వెళ్లే బస్సులో కూర్చుని ఇవాళ్టి కరెంట్ అఫైర్స్ నోట్సు ఫోన్లో టైప్ చేశాను. కొత్త అణుశక్తి చట్టం. పోయిన నెల పార్లమెంటు పాస్ చేసింది. అణువిద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకు తలుపు తీశారు. పాత చట్టంలో లోపమున్న యంత్రం అమ్మినవాడిని కూడా పట్టుకునే వీలుండేది. కొత్తదాంట్లో ఆ పట్టు సడలింది. నాలుగు పాయింట్లు, చివర ఒక ప్రశ్న. దిగేలోపు క్లాస్ గ్రూపులో పెట్టేశాను.

ఈ నోట్సు నన్నెవరూ రాయమనలేదు. లింగసుగూరు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ గెస్ట్ లెక్చరర్‌ని. సిలబస్ చెప్పి ఇంటికి పోవచ్చు. పోబుద్ధి కాదు.

క్లాసులో మంజమ్మ లేచింది. ఫైనలియర్, దేవసూగూరు పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. "అది పేలితే ఎవర్ని అడగాలె మేడం?" అంది. ప్లాంటు నడిపే ఆపరేటర్‌ని అన్నాను. "ఆపరేటర్ నాది కాదంటే?" అంది. మిగతావాళ్లు నవ్వారు. బాధ్యత ఆపరేటర్‌దే అని చట్టం అంటుంది, కానీ దానికీ ఒక పరిమితి ఉంది అని చెప్పాను. కూర్చుంది కానీ ఒప్పుకున్న మొహం కాదు.

19 జనవరి, సోమవారం

ధారవాడలో ఒక లా కాలేజీ వాళ్లు నమూనా ఐక్యరాజ్యసమితి పెడుతున్నారు. పిల్లలు తలో దేశం తరఫున కూర్చుని వాదించాలి. అంశం అణుభద్రత. ఇంగ్లిష్‌లోగాని కన్నడలోగాని మాట్లాడొచ్చట. అప్లై చేస్తానని ప్రిన్సిపాల్ వాదిరాజ్ సర్‌ని అడిగాను. మన పిల్లలు అక్కడ నోరు తెరవలేరని, కాలేజీ పరువు పోతుందని ఆయన అన్నారు. పోతే నా పేరు చెప్పమన్నాను. సంతకం పెట్టారు.

ఇద్దరిని పంపాలి. మంజమ్మ, నిఖిలేశ్. నిఖిలేశ్‌ది సింధనూరు వైపు, ఇంగ్లిష్ మీడియం, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. మంజమ్మ అలా కలవదు. పట్టుకుంటే మాత్రం వదలదు.

23 జనవరి, శుక్రవారం

దేశం కేటాయించారు. కజకిస్తాన్. నిఖిలేశ్ మొహం మాడిపోయింది. అమెరికా కావాలట, లేకపోతే రష్యా, కనీసం ఫ్రాన్స్. మంజమ్మ మ్యాపులో వెతికి, "ఎంత పెద్దగుందో చూడురా. ఎవరూ పేరెత్తరు" అంది.

30 జనవరి, శుక్రవారం

నాలుగు రోజులుగా మాకు వేరే లోకం లేదు. సోవియట్ రోజుల్లో ఆ నేల మీద నాలుగు వందలకు పైగా అణుపరీక్షలు చేశారు. చుట్టుపక్కల ఊళ్లలో మనుషులున్నారు. వాళ్లకెవరూ చెప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో ఉన్న అణ్వాయుధాలు ప్రపంచంలోనే పెద్ద గుట్టల్లో ఒకటి. వద్దని వదులుకున్నారు. ఇవాళ లోకంలో అందరికంటే ఎక్కువ యురేనియం తవ్వి అమ్మేది వాళ్లే. మనం కూడా కొంటాం.

ఇదంతా చెప్పి, ఇక్కడి నుంచి వాదన మీరే కట్టండి అన్నాను. నిఖిలేశ్ 'త్యాగం చేసిన దేశం' అన్న మాట ఎత్తుకున్నాడు. బాగుంది, చప్పట్లు పడతాయి. మంజమ్మకు నచ్చలేదు. "త్యాగం అంటే అందరూ దండం పెట్టి పక్కకు పోతరు మేడం. సరుకు మనది. సరుకు ఉన్నోడు అడగాలె" అంది.

పొలిటికల్ సైన్స్‌లో నేను ఎం.ఏ. చేశాను. బలం ఎవరి చేతిలో ఉంటుందో ఇంతకంటే సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు.

5 ఫిబ్రవరి, గురువారం

అమెరికా రష్యాల మధ్య మిగిలిన ఆఖరి అణ్వాయుధ ఒప్పందానికి ఇవాళ్టితో గడువు తీరింది. క్లాసులో సగం బెంచీలు ఖాళీ, ఊళ్లో ఎవరిదో పెళ్లి.

11 ఫిబ్రవరి, బుధవారం

డ్యాముకు కొత్త గేట్లు బిగిస్తున్నారని రెండో పంటకు నీళ్లు వదల్లేదు. మా తెలుగు వలస రైతుల క్యాంపులో మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. నాన్న కూడా. నాన్న పేరు యలమందయ్య. వరి తప్ప వేరే విషయం మాట్లాడి ఎరగడు. నేను ఫోన్లో పిల్లల చేత ప్రాక్టీస్ చేయిస్తుంటే వసారాలో మంచం మీద పడుకుని వింటున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. ఫోన్ పెట్టేశాక, "ఆ పిల్ల బాగా నిలదీస్తందమ్మాయ్" అన్నాడు. అంతే. అటు తిరిగి పడుకున్నాడు.

నా ఉద్యోగం గురించి నాన్న ఒక్క మాటైనా అనడం ఇదే మొదటిసారి. ఆ మెచ్చుకోలు నాకు కాదు, మంజమ్మకు. అయినా తీసుకున్నాను.

20 ఫిబ్రవరి, శుక్రవారం. ధారవాడ

హాలు ఏసీ. బల్లల మీద దేశాల పేర్ల బోర్డులు. అందరూ కోట్లు వేసుకుని ఉన్నారు. మంజమ్మ ఆకుపచ్చ చుడీదార్‌లో వచ్చి, బోర్డు సరిగ్గా ఉందో లేదో చూసుకుని కూర్చుంది. పొద్దుటి సెషన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం కన్నడలో రెండు నిమిషాలు మాట్లాడింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది. గ్యాలరీలో కూర్చున్నవాళ్లు నోరెత్తకూడదని రూలు.

21 ఫిబ్రవరి, శనివారం. ధారవాడ, సాయంత్రం ఆరు

ఇదంతా ఇప్పుడే రాయాలి.

తీర్మానం ముసాయిదా అమెరికా టీమ్‌ది. ఆ టీమ్‌కు ముందుండేది ఒక బెంగళూరు కుర్రాడు, గట్టివాడు. అణు ఇంధనం దేశాలు దాటి వెళ్లేటప్పుడు దొంగల చేతిలో, తీవ్రవాదుల చేతిలో పడకుండా కాపలా, రహస్యం, ఉమ్మడి నిఘా. అన్నీ సరైనవే. పాస్ కావాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. చిన్న దేశాల టీములు కొన్ని కజకిస్తాన్ ఎటు మొగ్గుతుందో అని చూస్తున్నాయి. యురేనియం వాళ్లది కదా.

లంచ్‌లో ఆ బెంగళూరు కుర్రాడు మా బల్ల దగ్గరికొచ్చాడు. మీరు కలిస్తే ముసాయిదా మీద మీ పేరు కూడా వేస్తాం, అవార్డులకు అది లెక్కలోకి వస్తుందన్నాడు. నిఖిలేశ్ సరేనన్నాడు. మంజమ్మ అన్నం ముద్ద ప్లేట్‌లో పెట్టేసి, ఇందులో ఊళ్ల పేరే లేదు అంది. లారీ పోయే దారిలో ఊళ్లుంటాయి, ప్రమాదమైతే వాళ్లెవరిని అడగాలో రాయకుండా కలవను అంది. నిఖిలేశ్‌కు కోపమొచ్చింది. చేతికొచ్చింది పోగొడతావా అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

నాకూ అవార్డు కావాలి. వాదిరాజ్ సర్ బల్ల మీద కప్పు పెట్టి ఏమీ అనకుండా నిలబడాలని ఉంది. అదీ నిజం. కానీ కజకిస్తాన్ ప్రతినిధులు మీరు, నేను కాదు అన్నాను. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాను. నా కాళ్లు మాత్రం అక్కడే ఉండిపోదామన్నాయి.

మధ్యాహ్నం సెషన్. ప్రమాదమైతే ఎవరిని అడగాలో దారిలోని ఊళ్లకు ముందే చెప్పాలని మంజమ్మ సవరణ పెట్టింది. వెంటనే అమెరికా లేచింది. దారిలో ఉన్న ఊళ్లకు ముందే చెప్తే దారి దొంగలకూ తెలుస్తుంది, ఇది భద్రతా తీర్మానమా, దండోరానా అంది. హాలంతా నవ్వు. ఆ మాటలో న్యాయముంది, అదే నన్ను భయపెట్టింది. నేను రాసిన నోట్సులో దీనికి జవాబు లేదు.

మంజమ్మ నిలబడింది. కన్నడలో, మెల్లగా, ఇలా అంది. దారి చెప్పొద్దు. తేదీ చెప్పొద్దు. ఏం సరుకో కూడా చెప్పొద్దు. జరిగాక ఎవరి తలుపు తట్టాలో ఆ ఒక్క పేరు మాత్రం ముందే చెప్పండి. ఆ పేరుగలవాడు నాది కాదు అనకూడదు. ముందు వాడు ఇవ్వాలి. తర్వాత పంపినవాడూ, నడిపినవాడూ, యంత్రం చేసినవాడూ మీలో మీరు తేల్చుకోండి. మీరు తేల్చుకునేదాకా దెబ్బ తగిలినవాడు బయట నిలబడకూడదు.

హాల్లో కన్నడ సరిగా రానివాళ్లు కొందరున్నారు. ఇంగ్లిష్‌లో చెప్పమని అధ్యక్షురాలు అడిగింది. మంజమ్మ నిఖిలేశ్ వైపు చూసింది. వాడు ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత కోటు సర్దుకుని లేచాడు. తన సొంత మాట ఒక్కటీ కలపకుండా, 'త్యాగం' అనకుండా, ఆమె ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతూ, ప్రతి వాక్యాన్నీ ఇంగ్లిష్‌లో చెప్పాడు. చివర, ఈ క్లాజు లేకుండా కజకిస్తాన్ ఓటు లేదు అని కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ముందు మంగోలియా బోర్డు మద్దతుగా లేచింది. తర్వాత నమీబియా. తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. అమెరికా కుర్రాడు తన టీమ్‌తో గుసగుసలాడి, సవరణ ఒప్పుకుంటున్నామన్నాడు. తీర్మానం పాసైంది.

అవార్డులు బెంగళూరుకీ హుబ్బళ్లికీ వెళ్లాయి. మాకు ఏమీ లేదు. కానీ తీర్మానం పూర్తిగా చదివేటప్పుడు ఆఖరి పేరా ముందు అధ్యక్షురాలు 'కజకిస్తాన్ ప్రతిపాదించినది' అంది. నేను గ్యాలరీలో నిలబడ్డాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

22 ఫిబ్రవరి, ఆదివారం

తిరుగు ప్రయాణం. నిఖిలేశ్ వెనక సీట్లో నిద్రపోతున్నాడు. మంజమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఆ ఆలోచన ఎక్కడిదని అడిగాను. లింగసుగూరు దగ్గరపడుతుండగా చెప్పింది.

ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊరి రోడ్డు మీద యాసిడ్ ట్యాంకర్ బోల్తాపడిందట. లోపల ఇరుక్కున్న డ్రైవర్‌ని వాళ్ల నాన్న అమరప్ప బయటికి లాగాడు. డ్రైవర్ బతికాడు. అమరప్ప రెండు చేతులూ కాలిపోయాయి. డ్రైవర్ లారీ ఓనర్‌ని అడగమన్నాడు. ఓనర్ ఫ్యాక్టరీని అడగమన్నాడు. ఫ్యాక్టరీ లారీ మాది కాదంది. అమరప్ప ఏళ్లకేళ్లు తిరిగి చివరికి మానేశాడు. ఇప్పటికీ అన్నం ముద్ద కట్టలేడు. వాళ్లమ్మ రంగవ్వ కలిపి పెడుతుంది.

మరి ఇది హాల్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఒక్కసారి చెప్పి ఉంటే ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్లు కాదు కదా అన్నాను.

"మా నాయిన ముచ్చట చెప్తే పాపం అని ఓటేస్తరు మేడం. పాపం అని వద్దు. సరే అని వెయ్యాలె."

బస్సు స్టాండులోకి తిరిగింది. ఆమె బ్యాగు నేను దించాను. వద్దు మేడం, వద్దు అంటూనే ఉంది. దించాను.

24 ఫిబ్రవరి, మంగళవారం

వాదిరాజ్ సర్ తీర్మానం ప్రింట్ అడిగారు. నిలబడే చదివారు. ఆఖరి పేరా రెండుసార్లు చదివి, ప్యూన్‌ని పిలిచి నోటీసు బోర్డులో పెట్టమన్నారు. బహుమతి వచ్చిందా అని అడగలేదు. మధ్యాహ్నం చూస్తే బోర్డు ముందు ఫస్టియర్ ఆడపిల్లలు గుంపుగా నిలబడి పైకి చదువుకుంటున్నారు.

15 మార్చి, ఆదివారం

వచ్చే పంటకు నీళ్ల వంతుల మీద ఒప్పందం రాసుకోవడానికి కాలవ రైతులంతా పొద్దున కవితాళలో కూర్చున్నారు. పదకొండప్పుడు నాన్న ఫోన్ చేశాడు. వెనకాల మనుషుల అరుపులు.

"అమ్మాయ్, ఇందులో కింద పొలాలోళ్లకి 'లభ్యతను బట్టి' నీళ్లు అని రాశారు. చట్టంలో దానికి అర్థం ఏందమ్మా?"

ఇవ్వకపోయినా అడగడానికి లేదని అర్థం నాన్నా, అన్నాను. మన పొలం కాలవ పైభాగంలో ఉంది కాబట్టి మనకు ఇబ్బంది లేదని కూడా చెప్పాను.

"అయితే నే సంతకం పెట్టను" అని కట్ చేశాడు.